పగిలిన వెనుక ఇరుసు: అతుకు వేయాలా, మార్చాలా?

ప్రశ్న: మాది ఇబ్రహీంపట్నం. దొనబండ వైపు క్వారీలకు డ్రిల్లింగు రాడ్లు, కంప్రెషరు సామాన్లు చేరవేయడానికి ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ వాడుతున్నాను. గత నెలలో గ్రీజు పెట్టించడానికి బండిని ఎత్తినప్పుడు వెనుక ఇరుసు హౌసింగు (ఇరుసు బయటి గొట్టం) మీద, ఎడమ కమాన్ కట్ట (స్ప్రింగు పట్టీల కట్ట) కూర్చునే చోటికి కొంచెం లోపలగా, అడుగుభాగంలో రెండంగుళాల పొడవున చీలిక కనిపించింది. వెల్డింగు చేసి ఒక పట్టీ వేస్తే పదేళ్లయినా కదలదని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ అన్నారు. హౌసింగు మార్చక తప్పదని పక్క షెడ్డులోని మేస్త్రీ అన్నారు. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: ముందు బండిని క్వారీకి పంపడం ఆపండి. హౌసింగులో పుట్టిన చీలిక ఉన్నచోట ఉండిపోయేది కాదు, బరువు పడిన ప్రతిసారీ వెంట్రుకవాసి చొప్పున పెరుగుతూ పోతుంది. ఒకరోజు లోడుతో ఘాటు దిగుతున్నప్పుడు మిగిలిన లోహం ఒక్కసారిగా తెగితే చక్రం, బ్రేకు కలిసి చేతిలోంచి పోతాయి.

చీలిక అడుగున, అదీ కమాన్ కట్ట పక్కనే ఎందుకు వచ్చిందో తెలిస్తే మేస్త్రీల మాటలను తూచడం మీకు తేలికవుతుంది. కావడి బద్దను గుర్తు తెచ్చుకోండి. దానికి ఆధారం మధ్యలో భుజం మీద, బరువులు రెండు కొసలలో ఉంటాయి కాబట్టి దాని పైపొర సాగుతుంది. ఇరుసు సంగతి ఇందుకు తలకిందులు. ఆధారం రెండు కొసలలో చక్రాల దగ్గర ఉంటుంది, బండి బరువు వాటికి లోపలగా కమాన్ కట్టల మీదుగా దిగుతుంది, అందువల్ల అడుగుపొర సాగుతుంది. చక్రం నుంచి కట్ట దాకా పెరుగుతూ వచ్చిన వంపు బలం కట్ట కూర్చునే చోట పతాక స్థాయికి చేరుతుంది. సరిగ్గా అక్కడే స్ప్రింగు సీటును హౌసింగుకు అతికించిన వెల్డింగు అంచు కూడా ఉంటుంది. సాగే పొర, వెల్డింగు అంచు ఒకే చోట కలిసినప్పుడు చీలిక అక్కడ కాక మరెక్కడ మొదలవుతుంది?

ఇక రెండంగుళాలన్నది కంటికి కనిపించిన పొడవు మాత్రమే. అసలు పొడవు తెలుసుకోవడానికి పాత మేస్త్రీలు చేసే పరీక్ష ఒకటి ఉంది, అది ఇప్పటికీ పనికొస్తుంది. ఆ భాగాన్ని వైరు బ్రష్షుతో తెల్లటి ఇనుము కనిపించే దాకా రుద్ది, కిరోసిన్ పూసి పావుగంట వదిలేయండి. తర్వాత పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి పల్చగా అద్దండి. కాసేపటికి చీలికలో దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద తడి గీతగా తేలుతుంది. ఆ గీత మీరు చూసిన చీలిక కొసను దాటి ఎంత దూరం పోయిందో గమనించండి. వెల్డింగు సామగ్రి అమ్మే దుకాణాలలో ఎర్రరంగు, తెల్ల డెవలపరు డబ్బాలు దొరుకుతాయి, వాటితో చేస్తే ఇంకా సన్నని చీలికలు కూడా బయటపడతాయి. రెండో వైపు కమాన్ కట్ట దగ్గర కూడా ఇదే పరీక్ష చేయించండి, ఎందుకంటే రెండు వైపులా పడింది ఒకే దెబ్బ.

చీలిక ఉక్కు గొట్టానికే పరిమితమై, గొట్టం చుట్టుకొలతలో నాలుగో వంతుకు లోపే ఉండి, హౌసింగు వంగకుండా ఉంటే వెల్డింగు చేయించుకోవచ్చునని నా అభిప్రాయం. చీలిక హౌసింగు నడుమ ఉండే పోత ఇనుప గుండు దాకా పాకినా, బేరింగు కూర్చునే చోటును తాకినా, అంతకుముందే ఒకసారి వెల్డింగు చేసిన చోట మళ్లీ పగిలినా మరో ఆలోచన లేకుండా హౌసింగు మార్చండి. హౌసింగు ముందుకో వెనక్కో వంగిందో లేదో తెలియాలంటే బండి సమతలం మీద ఉండగా రెండు వెనుక చక్రాల రిమ్ముల మధ్య దూరాన్ని ముందు వైపున, వెనుక వైపున ఇరుసు ఎత్తులో కొలవండి. రిమ్ము సొట్టను ఇరుసు వంపుగా పొరబడకుండా, రిమ్ము మీద సుద్దతో గుర్తు పెట్టి, బండిని అర చుట్టు ముందుకు తోసి, అదే గుర్తు దగ్గర రెండో కొలత తీసుకోవాలి.

వెల్డింగుకు సిద్ధపడితే అది పావుగంట పని కాదని మేస్త్రీకి ముందే చెప్పండి. చక్రాలను తిప్పే షాఫ్టులు, రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియలు, బేరింగులు అన్నీ విప్పి హౌసింగును ఖాళీ చేయాలి. బేరింగులు లోపల ఉండగా వెల్డింగు చేస్తే కరెంటు వాటి గుండా ప్రవహించి, గోళీల మీద, వాటి దారుల మీద సన్నని గుంటలు పడతాయి, నెల తిరగకుండానే అవి మోత మొదలుపెడతాయి. చీలిక రెండు కొసల దగ్గరా చిన్న రంధ్రం వేస్తే అది అంతకు మించి పాకడం చాలావరకు ఆగుతుంది. ఆ తర్వాత చీలిక మొత్తాన్ని గ్రైండరుతో వీ ఆకారపు గాడిగా, లోపలి నూనె మరక కూడా పోయే దాకా తొలవాలి. ఏళ్ల తరబడి గేరు ఆయిలు తాగిన ఇనుములో నూనె మిగిలితే వెల్డింగు నిండా నీటి బుడగల్లాంటి రంధ్రాలు తేలతాయి. రాడ్లు 7018 రకం తక్కువ హైడ్రోజన్ రాడ్లు కావాలి, వాటిని వాడే ముందు మూడు వందల డిగ్రీలకు పైబడిన వేడిలో ఓ గంటసేపు ఆరబెట్టాలి. మన కృష్ణ ఒడ్డున వానాకాలంలో తెరిచి ఉంచిన రాడ్ల పెట్టె ఎంత త్వరగా తేమ పీల్చుకుంటుందో షెడ్డులో పనిచేసేవారికి తెలుసు. ఆ తేమలోని హైడ్రోజనే వెల్డింగు చల్లారిన మర్నాడు కొత్త చీలికగా బయటపడుతుంది. అందుకే గాడి చుట్టూ ఇనుమును కూడా ముందుగా చేయి పెట్టలేనంత వేడి చేయించండి, పని అయ్యాక నీళ్లు చల్లనివ్వకండి.

వెల్డింగు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గొట్టాన్ని తన వైపుకు లాగుతుంది. కాబట్టి పొడవాటి నిటారు కమ్మీని రెండు వైపులా బేరింగు బోరుల గుండా దూర్చి, నేరుగా ఉన్నదో లేదో వెల్డింగుకు ముందూ తర్వాతా చూడాలి. ఈ పని బయట అందరూ చేయరు, లేత్ షాపులో అడిగి చేయించండి.

పట్టీ గురించి మేస్త్రీ చెప్పినది తప్పు కాదు, అయితే దాని ఆకారమే అసలు సంగతి. చదరపు ముక్కను అడుగున పెట్టి నాలుగు వైపులా వెల్డింగు చేస్తే, దాని కొసలలో అడ్డంగా పడిన వెల్డింగే రేపటి చీలికకు మొదలవుతుంది. పట్టీ కొసలను సన్నగా, కూచిగా కోయించి, పొడవు వెంబడి మాత్రమే వెల్డింగు చేయించి, కొసల దగ్గర అడ్డంగా వెల్డింగు పడకుండా చూడండి.

ఇంత చేసినా కారణం మిగిలితే మూడు నెలల్లో మళ్లీ ఇదే చోట కూర్చుంటాం. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే కట్ట హౌసింగు మీద కదులుతూ సీటును నలగ్గొడుతుంది, కాబట్టి పనయ్యాక కొత్త యూ బోల్టులే వేయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి. రెండోది, లోడు ఎక్కువని కట్టకు అదనపు పట్టీ వేయించి ఉంటే ఆ సంగతి ఆలోచించండి. పట్టీ పెంచినప్పుడు బండి వెనుక భాగం దించుకోకుండా నిలబడుతుంది కనుక బలం పెరిగిందనిపిస్తుంది. నిజానికి కట్ట మింగవలసిన దెబ్బ ఇప్పుడు నేరుగా హౌసింగు మీద పడుతుంది. ఇరుసు మోయగలిగే బరువు కిలో కూడా పెరగలేదు.

ప్రశ్న: గుంటూరులో ఉంటాను. సెలవు రోజుల్లో కొండదారులలో తిప్పుకోవడానికి పాత జీపు ఒకటి కొన్నాను. పెద్ద టైర్లు వేయించాక వెనుక ఎడమ షాఫ్టు హబ్బు దగ్గర, కీ గాడి ఉన్నచోట విరిగింది. అతికించి లేతు మీద సాపు చేసి ఇస్తామని ఒకరు, మరో బండి ఇరుసు మొత్తం అమరుస్తామని మరొకరు అంటున్నారు.

సమాధానం: హౌసింగు విషయంలో అన్ని షరతులతో అయినా వెల్డింగుకు ఒప్పుకొన్నాను, కానీ షాఫ్టుకు ఎప్పటికీ ఒప్పుకోను. షాఫ్టును మిశ్రమ ఉక్కుతో చేసి, వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు. వెల్డింగు వేడి ఆ గట్టిదనాన్ని అతుకు చుట్టూ పోగొడుతుంది, లేతు మీద ఎంత నునుపు చేసినా పోయిన గుణం తిరిగి రాదు. మీ జీపు సెమీ ఫ్లోటింగ్ రకం కాబట్టి షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, షాఫ్టే చక్రం బరువునూ మోస్తుంది. అది విరిగిన రోజు చక్రం బండిని వదిలి వెళ్లిపోతుంది. కొత్త షాఫ్టులు జతగా కొనండి, రెండోది కూడా అంతే కాలం అంతే బరువు మోసింది.

విరగడానికి టైర్లే ముఖ్య కారణం. టైరు వ్యాసం పదో వంతు పెరిగితే, అంతే పట్టు ఉన్న నేల మీద షాఫ్టుకు పడే మెలి బలం కూడా పదో వంతు పెరుగుతుంది. అయితే షాఫ్టు బలం వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది, 30 మిల్లీమీటర్ల షాఫ్టు బదులు అదే ఉక్కుతో 33 మిల్లీమీటర్లది వేస్తే బలం దాదాపు 33 శాతం హెచ్చుతుంది. లావు షాఫ్టు ఉన్న ఇరుసుకు మారాలన్న ఆలోచన అందుకే తప్పు కాదు. కానీ మార్చే ముందు క్రౌన్, పినియన్ (ఇరుసు మధ్యలోని రెండు పళ్లచక్రాలు) పళ్లు లెక్కపెట్టించండి, వాటి నిష్పత్తే ఇరుసు నిష్పత్తి. ముందు ఇరుసు నిష్పత్తి, వెనుక ఇరుసు నిష్పత్తి ఒకటి కాకపోతే ఫోర్ వీల్ వేసి గట్టి నేల మీద నడిపిన కొద్ది దూరంలోనే ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుని, ఏదో ఒక జాయింటు విరుగుతుంది. బ్రేకులు, ప్రొపెల్లరు షాఫ్టు కోణం, చక్రాల మధ్య వెడల్పు ఆ తర్వాత చూడవలసినవి. బరువును హబ్బు బేరింగులే మోసి షాఫ్టు చక్రాన్ని తిప్పడానికి మాత్రమే మిగిలే ఫుల్ ఫ్లోటింగ్ రకం దొరికితే మరీ మంచిది, దానిలో షాఫ్టు విరిగినా చక్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. మీ మార్పు రిజిస్ట్రేషను వివరాలకు దూరమైతే రవాణా కార్యాలయంలో అడిగాకే ఖర్చుపెట్టండి. ప్రమాదం జరిగినప్పుడు బీమా వారు అడిగే మొదటి ప్రశ్న ఇదే కావచ్చు.

ప్రశ్న: తాడేపల్లి దగ్గర నది ఇసుకలో నీళ్లు దాటి వచ్చాక మా జీపు వెనుక చక్రం లోపలి వైపు నూనె కారుతోంది. ఇరుసు పగిలిందేమోనని భయంగా ఉంది.

సమాధానం: భయపడే ముందు హౌసింగు పైన ఉండే బ్రీదరును (లోపలి గాలి బయటకు పోయే చిన్న రంధ్రపు మూత) విప్పి చూడండి. మట్టితో అది మూసుకుపోతే వేడెక్కిన గాలికి దారిలేక నూనెను సీలు గుండా బయటకు తోస్తుంది. వేడిగా ఉన్న ఇరుసు చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, అదే సీలు గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పినప్పుడు ఆయిలు పాలు కలిసిన టీ రంగులో వస్తే నీరు చేరిందని అర్థం. దాన్ని పూర్తిగా దించి, మీ బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు గేరు ఆయిలు కొత్తది పోయించండి, సీలు కూడా మార్పించండి. బ్రీదరుకు ఒక రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండో కొసను చాసిస్ మీద నీటికి అందనంత ఎత్తున, నోరు కిందికి ఉండేట్టు కట్టించండి. ఇవన్నీ అయ్యాక కూడా నూనె కారితే, అప్పుడు పైన చెప్పిన కిరోసిన్, సుద్ద పరీక్ష చేయించండి.