కాకినాడ నుంచి నర్సాపురం దాకా తీరం పట్టుకుని సైకిల్ మీద వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరులో ఇద్దరు స్నేహితులు కాకినాడలో బయలుదేరి నర్సాపురం చేరాలి, వీలైనంత సముద్రం పక్కనే వెళ్లాలి, హైవే తప్ప దారి ఉందా, మామూలు గేర్ సైకిళ్లు చాలా అని. మాది అమలాపురం దగ్గర పల్లె. ఈ దారులన్నీ ముక్కలు ముక్కలుగా చాలాసార్లు తొక్కినవే, ఆ అనుభవంతో చెబుతున్నాను.

వెళ్లొచ్చు. కానీ సముద్రం వెంట సాగే రోడ్డు అనేది మా దగ్గర లేదండి. మ్యాపులో సన్నగీతలు చాలా కనిపిస్తాయి. వాటిలో సగానికి సగం రొయ్యల చెరువుల గట్లే. డెల్టా అంటే వేళ్లు చాపిన అరచెయ్యి అనుకోండి. వేళ్ల సందుల్లో గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ. రోడ్లన్నీ వేళ్ల వెంట సముద్రంలోకి దిగేవే, ఒక వేలి కొస నుంచి ఇంకో వేలి కొసకి వంతెన ఉండదు. కాబట్టి హైవేని, అంటే 216 నంబరు జాతీయ రహదారిని, వెన్నెముకగా పెట్టుకుని, నచ్చిన చోట సముద్రం దాకా దిగి, మళ్లీ పైకి వచ్చి పాయ దాటడమే పద్ధతి.

దిశ మీరు సరిగ్గానే ఎంచుకున్నారు. డిసెంబరులో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, మీరు వెళ్లేది నైరుతి వైపు. ఎత్తుపల్లాలు లేని చోట గాలే అన్నీ. మా వైపు ఎత్తు ఎక్కడమంటే వంతెన ఎక్కడమే. ఇంకో కిటుకు ఉంది. పొద్దున్న గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి నేల వైపు. అందుకే బీచికి పొద్దున్నే దిగండి, మధ్యాహ్నం రెండు దాటాక పైకి రండి. రెండు వైపులా గాలి వీపు మీదే ఉంటుంది. ఈ మాట వినకుండా మధ్యాహ్నం ఓడలరేవు బీచికి దిగినవాళ్లు గేర్లన్నీ మార్చి మార్చి చివరికి నడిపించుకుంటూ వెళ్లడం చూశాను.

కాకినాడ నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు, హైవే తప్ప గతి లేదు. దారిలోనే కోరంగి మడ అడవులు. చెక్కబాట మీద నడిచి చూడాలంటే మరీ తెల్లారకుండా బయలుదేరకండి, గేటు తీసి ఉండదు. ఇప్పుడు చిన్న ఊరులా కనిపించే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు, 1839 తుఫానులో తుడిచిపెట్టుకుపోయింది. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి మందు చవక. సాయంత్రం పూట ఎదుర్లంక వంతెన మీద బైకుల వాళ్లతో జాగ్రత్త, ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వంతెన దిగి మురమళ్ల, ముమ్మిడివరం దాటాక ఎడమకి కాట్రేనికోన వైపు తిరగండి. మీ ప్రయాణంలో అసలైన భాగం ఇదే. కొబ్బరితోటలు పలచబడి, తర్వాత వరిచేలు కూడా ఆగిపోయి, పర్ర మొదలవుతుంది. ఉప్పు తేలిన నల్లటి నేల, అక్కడక్కడా ఇల్లకూర లాంటి ఎర్రటి మొక్కలు, మడచెట్లు, రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలుకుతూ తిరిగే ఏరేటర్లు. కనుచూపు మేర నీడ ఉండదు. చాలామంది ఫొటోల కోసం కొబ్బరిచెట్ల దగ్గరే ఆగిపోతారు గానీ, నాకు కోనసీమలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఈ పర్రే.

ఒకసారి అక్కడ గట్టు మీద వెళ్తుంటే రోడ్డు గుంతల్లో నీళ్లు కనిపించాయి. వాన లేదు. చూస్తుండగానే గుంత అడుగు నుంచి బుడగలు తేలి నీళ్లు ఊరుతున్నాయి, గోళీ అంత పీతలు రోడ్డు దాటుతున్నాయి. చెరువు కాపలా పెద్దాయన కేకేశారు.

"ఇటెక్కడికండీ బాబూ?"

"బీచికండి. దారి ఉందా?"

"ఉందండి, ఇప్పుడు లేదండి. పోటొచ్చే వేళ. టీ తాగి, పోటు నీళ్లు వెనక్కి తీశాక వెళ్లండి."

అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు పెద్దగా ఉంటుంది. తేదీలు పెట్టుకునే ముందు క్యాలెండర్‌లో అది ఒకసారి చూసుకోండి.

చిన్నదారి ఎంచుకునేటప్పుడు కాలవ గట్టా, డ్రెయిన్ గట్టా అని అడగండి. 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలవలు మెరక మీంచి వెళ్తాయి, పొలాలకి నీళ్లు పారాలి కదా. మురుగు తీసుకెళ్లే డ్రెయిన్లు పల్లంలో ఉంటాయి. కాలవ గట్టు మీద రోడ్డు ఆరి ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, లాకుల దగ్గర టీ కొట్టు ఉంటుంది. డ్రెయిన్ గట్టు మీద బురద, సర్కారు తుమ్మ ముళ్లు. ఒక్క ముల్లు చాలు పంక్చరుకి.

ఆ రాత్రికి అమలాపురం, లాడ్జీలకి కొదవ లేదు. మర్నాడు ఓపిక ఉంటే అల్లవరం మీదుగా ఓడలరేవు. వైనతేయ సముద్రంలో కలిసేది అక్కడే. అవతలి ఒడ్డు కళ్లెదుటే ఉన్నా వంతెన మాత్రం పైన బోడసకుర్రు దగ్గరే. దాటాక రాజోలు, మలికిపురం, అక్కడి నుంచి అంతర్వేది. మధ్యలో శంకరగుప్తం డ్రెయిన్ పక్కన మొవ్వు పోయి మోడుల్లా నిలబడ్డ కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. పోటు నీళ్లు డ్రెయిన్లోకి ఎగదన్ని వేళ్లకి ఉప్పు పట్టిన తోటలవి. పోటు ఎంత దూరం వస్తుందో అక్కడ తెలుస్తుంది.

అంతర్వేదిలో గుడి, లైట్‌హౌసు, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసుకోండి. భీష్మ ఏకాదశి తీర్థం, అంటే జాతర, రోజుల్లో అయితే గది దొరకదు. సంక్రాంతి మూడు రోజులూ ఈ రోడ్లన్నీ కోడిపందేలకి వెళ్లే కార్లవే, సైకిల్‌కి చోటుండదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకుంటే అది వేరే సంగతి. డిసెంబరు కూడా మొదటి వారాలు కాకుండా రెండో సగం మంచిది. తుఫాన్ల టెన్షన్ తగ్గుతుంది. 1996 నవంబరు 6 తుఫాను చూసిన ఊళ్లు మావి, వాయుగుండం అన్న మాట వినబడితే మేమెవరం తీరం వైపు వెళ్లం.

ఇక సైకిల్. గేర్లు ఎన్నున్నా పర్లేదు, టైరు మాత్రం సన్నది వద్దు. ట్యూబు వాల్వు చూసుకోండి. బైకుల ట్యూబుకి ఉండే రకమైతే ఏ ఊళ్లోనైనా గాలి కొడతారు. సన్నమూతి ప్రెస్టా అయితే అడాప్టరు జేబులో ఉండాల్సిందే. ఉప్పుగాలికి చైను ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయండి.

సార్వా, అంటే ఖరీఫ్ వరి, కోతల సమయం కాబట్టి రోడ్డుకి ఒక పక్కన ధాన్యం ఆరబోసి ఉంటుంది. లారీలు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. సాయంత్రం బరకాలు కప్పాక ఆ రాళ్లు చీకట్లో కనపడవు, రిమ్ము వంగేది అక్కడే. ధాన్యం మీంచి మాత్రం తొక్కకండి, అది ఒకరి ఏడాది కష్టం. బెల్లు కొడితే కాళ్లతో తిరగదోసే ఆవిడే పక్కకి జరిగి దారిస్తుంది.

సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి వశిష్ఠ దాటించే పంటు, అంటే పెద్ద పడవ, ఉంది, సైకిళ్లు ఎక్కించుకుంటారు. రాత్రి పొద్దుపోయాక చూసుకోవద్దు, వరదల్లో అసలు తిప్పరు. పంటు లేకపోతే వెనక్కి వచ్చి దిండి–చించినాడ వంతెన మీంచి వెళ్లాలి, చుట్టు తప్పదు. నర్సాపురం రైలు బయలుదేరే స్టేషన్, కాబట్టి సైకిల్ ఎక్కించడానికి తొందర ఉండదు. అయితే మీరు ఎక్కే బండిలో పార్సిల్ పెట్టె ఉందో లేదో ముందు రోజే పార్సిల్ ఆఫీసులో అడగండి. బైకులాగా పెట్రోలు ట్యాంకు గొడవ లేదు కాబట్టి సైకిల్ బుకింగ్ త్వరగానే అవుతుంది.