పాట వెనక కథ రాయాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. పాటంటే నీకు ఎంత ప్రాణమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ప్రతి వ్యాసంలోనూ "రికార్డులు బద్దలు కొట్టింది", "చరిత్ర సృష్టించింది" అని రాశావు. ఏ రికార్డు, ఎవరు లెక్కపెట్టారు, దేన్ని లెక్కపెట్టారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. సినిమా పత్రికల్లో పాటల శీర్షిక రాస్తూ నేను పట్టుకున్న పద్ధతి ఒకటి చెప్తాను. నీకు పనికొచ్చేదంతా తీసుకో.

ముందు లెక్క సంగతి చూడు. పాట హిట్టయింది అన్నారంటే ఎవరో ఏదో లెక్కపెట్టి ఉండాలి. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా పోయింది. జనం శ్రీలంకలోని రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడ అమీన్ సయానీ గారి గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. మొదట్లో అందులో ర్యాంకులు లేవు. ఏడు పాటలు వినిపించి, వాటిని జనాదరణ వరసలో పెట్టి రాయమని శ్రోతలకు పోటీ పెట్టేవారు. ఆ తర్వాతే ర్యాంకులు వచ్చాయి. షాపుల్లో రికార్డుల అమ్మకాలు, ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల అభిప్రాయాలు వాటికి ఆధారం. మరి రికార్డు కొనాలంటే ఇంట్లో గ్రామఫోను ఉండాలి కదా. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో ఉండేది? హోటల్లో టీ తాగుతూ రేడియోలో వచ్చే పాటతో గొంతు కలిపినవాడు అమ్మకాల లెక్కలోకి రాడు. "గీత్‌మాలాలో నంబర్ వన్" అని రాసేటప్పుడు ఇది నీ మనసులో ఉండాలి. ఇంకోటి, అది హిందీ పాటల కార్యక్రమం. మన ఘంటసాల గారి పాటలు అక్కడ కనపడలేదంటే దానికి ఏ అర్థమూ లేదు.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే 1952లో నవంబరు 14న బ్రిటన్‌లో మొదటి చార్టు, అంటే పాటల ర్యాంకుల పట్టిక, ఒక సంగీత వారపత్రికలో అచ్చయింది. దానికోసం పెర్సీ డికిన్స్ అనే ఆయన ఇరవై దాకా రికార్డు షాపులకు ఫోన్ చేసి, ఈ వారం ఏవి బాగా పోయాయని అడిగాడు. అంతే! ఇప్పుడు మనం అంత గౌరవంగా చెప్పుకునే చార్టులు అలా పుట్టాయి. అందులో తప్పేం లేదు, కానీ ఆ ఇరవై షాపులూ దేశమంతా కాదు.

లెక్క ఒక ఎత్తు, దాని రూలు ఒక ఎత్తు. అమెరికాలో 1996-97లో నో డౌట్ అనే బృందం "డోంట్ స్పీక్" పాట రేడియో చార్టులో పదహారు వారాలు మొదటి స్థానంలో ఉంది. అక్కడి ప్రధాన చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో మాత్రం అసలు కనపడలేదు. కారణం చిన్నది. అమెరికాలో ఆ పాటను షాపులో విడిగా కొనుక్కునే రికార్డుగా, అంటే సింగిల్‌గా, విడుదల చేయలేదు, రూలు ప్రకారం సింగిల్ లేని పాటకు చార్టులో చోటు లేదు. 1998 డిసెంబరులో ఆ రూలు మార్చారు. మరయా కేరీ క్రిస్మస్ పాట 1994లో వచ్చింది, హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది 2019లో. మధ్యలో పాట ఏం మారలేదు, వినే పద్ధతీ లెక్కపెట్టే పద్ధతీ మారాయి. రేపు నువ్వు ఇలాంటి పాట గురించి రాస్తే "పాతికేళ్ల తర్వాత జనం గుర్తించారు" అని మాత్రం రాయకు. జనం ఏటా వింటూనే ఉన్నారు.

యూట్యూబ్ వ్యూస్ విషయంలో మరీ జాగ్రత్త. "24 గంటల్లో ఇన్ని కోట్లు" అని చూడగానే రాసేస్తున్నావు. 2019 సెప్టెంబరులో యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల్లోనూ, 24 గంటల రికార్డుల్లోనూ డబ్బిచ్చి ప్రకటనగా వేయించిన వ్యూస్‌ను లెక్కలోంచి తీసేసింది. అంటే అంతకుముందు రికార్డులనూ ఆ తర్వాతివాటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. పైగా మన పాటకి లిరికల్ వీడియో ఒకటి, ఫుల్ వీడియో ఒకటి, ఒక్కోసారి డబ్బింగ్ భాషలవి ఇంకో నాలుగు. నువ్వు చెప్పే సంఖ్య దేనిదో, ఏ తేదీన చూశావో రాయి. ఆ ఒక్క వాక్యంతో చదివేవాళ్లకు నీ మీద నమ్మకం కుదురుతుంది.

పాత తెలుగు పాటలకి నంబర్లు వెతకొద్దు. దొరికేవి వేరే ఉన్నాయి, అవి అంతకంటే మేలు. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు నీకు తెలుసో లేదో. పలచటి న్యూస్‌ప్రింటు, అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల నటీనటులు, సాంకేతిక వర్గం, ఆ తర్వాత కథ సగం దాకా చెప్పి "తర్వాత ఏం జరిగిందో వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. అక్కడి నుంచి పాటలు. ప్రతి పాట పైనా రచన ఎవరు, గానం ఎవరు అని విడివిడిగా ఉంటుంది. ఈరోజు నెట్‌లో ఒక సినిమాలోని పాటలన్నీ ఒకే కవి ఖాతాలో వేసేస్తున్నారు. ఆ పుస్తకం, రికార్డు మీద గుండ్రటి లేబులు, క్యాసెట్ లోపలి కాగితం, ఈ మూడింట్లో ఒకటైనా చూడకుండా రచయిత పేరు రాయకు. పాత పుస్తకాల షాపుల్లో ఇంకా దొరుకుతాయి. కనపడితే బేరం ఆడకుండా కొను, డబ్బులు నేనిస్తాను.

ఇక కథ. పాట వెనక కథ విన్నావంటే, దాన్ని మొదట ఎవరు చెప్పారో వెనక్కి వెళ్లి పట్టుకో. ఆ గదిలో ఉన్న మనిషి చెప్పాడా, పక్కింటివాడు చెప్పాడా? "నాటు నాటు" తీసుకో. తొంభై శాతం పాట సగం రోజులో రాసేశాననీ, మిగతా పది శాతానికి పంతొమ్మిది నెలలు పట్టిందనీ చంద్రబోస్ గారు తనే చెప్పారు. రాసిన మనిషి నోటి మాట అది, ధైర్యంగా వాడుకోవచ్చు. వాడుకుని అక్కడితో ఆగిపోకు. ఆయనది చల్లగరిగె, పాత వరంగల్ జిల్లా పల్లెటూరు. పాటలో పోలేరమ్మ జాతర, పోతరాజు, ఎర్రజొన్న రొట్టె, మిరప తొక్కు వరసగా వస్తాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆ ఊరు చెప్తుంది. నీ వ్యాసంలో కీరవాణి గారి గురించి నాలుగు పేరాలు, అవార్డు వేదిక గురించి మూడు పేరాలు ఉన్నాయి, ఆ రొట్టె గురించి ఒక్క ముక్క లేదు. నాకైతే అదే లోటు.

అదే వ్యాసంలో రెండు వాక్యాలు మార్చాలి. "యుద్ధం జరుగుతుండగా ఉక్రెయిన్‌లో తీశారు" అని రాశావు. కీవ్‌లో మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు ఆ పాట తీసింది 2021 ఆగస్టులో. యుద్ధం మొదలైంది 2022 ఫిబ్రవరిలో. రెండోది, "ఆస్కార్ గెలిచిన తొలి భారతీయ పాట" అన్నావు. 2009లో రెహమాన్ గారు, గుల్జార్ గారు "జయహో"కి అందుకున్నారు. కాకపోతే ఆ పాట ఉన్న "స్లమ్‌డాగ్ మిలియనీర్" బ్రిటిష్ సినిమా. "భారతీయ సినిమా నుంచి ఆస్కార్ గెలిచిన తొలి పాట" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు, గొప్పతనం ఏమాత్రం తగ్గదు కూడా.

తేదీలు పక్కపక్కన పెట్టడం అలవాటు చేసుకో. ఎవరూ చెప్పని కథ ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు పోయారు. "అల్లూరి సీతారామరాజు" విడుదలైంది అదే ఏడాది మే 1న. "తెలుగు వీర లేవరా"కి శ్రీశ్రీ గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాట హాళ్లలో మోగేనాటికే దాన్ని పాడిన ఘంటసాల గారి గొంతు మనకు లేదు. దీనికి గాలి కబుర్లు ఏవీ జోడించక్కర్లేదు. ఆ తేదీలు చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఎవరినైనా ఇంటర్వ్యూ చేసే అవకాశం వస్తే "ఈ పాట ఎలా పుట్టింది సార్" అని అడగకు. వందసార్లు చెప్పిన జవాబే నీకూ చెప్తారు. పనికి సంబంధించినవి అడుగు. ట్యూన్ ముందా, సాహిత్యం ముందా? గాయకుల కోసం ముందు నమూనాగా పాడే ట్రాక్ ఎవరు పాడారు? ఏ చరణం కొట్టేశారు? పల్లవి ఎన్నిసార్లు మార్చారు? కె.వి. మహదేవన్ గారు ఎక్కువగా రాసిన పాటకే బాణీ కట్టేవారు, ఇప్పుడు చాలామంది ట్యూన్ ఇచ్చి రాయించుకుంటున్నారు. ఈ ఒక్క తేడాతో కవి పనే మారిపోతుంది. "శంకరాభరణం" పాటల గురించి రాసేవాళ్లు బాలు గారి దగ్గరా, వాణీ జయరాం గారి దగ్గరా ఆగిపోతారు. ఆ పాటలకు బాణీ కట్టిన మహదేవన్ గారి పక్కనే ఉండి గాయకులకు పాట నేర్పిన పుహళేంది గారి పేరు నువ్వైనా రాయి.

జానపదం సినిమాలోకి వస్తే మాత్రం ఇంకో ప్రశ్న తప్పదు. సినిమాకు ముందు ఎవరు పాడారు, ఏ ప్రాంతంలో పాడారు? "సారంగ దరియా" వచ్చినప్పుడు, అంతకుముందు టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడిన గాయని విషయంలో ఎంత చర్చ జరిగిందో చూశావు కదా. సుద్దాల అశోక్ తేజ గారు రాసింది ఎంత, ఊళ్లో పాడుకునేది ఎంత అని విడదీసి చెప్పు. అలా చెప్తే ఎవరి కష్టమూ పోదు.

చివరిగా ఒక పని. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో కోరస్ పాడినవాళ్లు, వయొలిన్, తబలా వాయించినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. పెద్ద పేర్ల కోసం తర్వాత తిరుగు, ముందు వీళ్లకు ఫోన్ చెయ్యి. పాట మొత్తం ఒకే టేకులో రావాల్సిన రోజుల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, మైకు ఎవరికి దగ్గరగా పెట్టారో వాళ్లే చెప్పగలరు. మధ్యాహ్నం చేయకు, భోజనం చేసి కాస్త నడుం వాలుస్తారు. సాయంత్రం ఐదు దాటాక చెయ్యి. రికార్డ్ చేసుకుంటానని ముందే అడుగు. తెలిసినవాళ్ల నంబర్లు మీ అమ్మ ఫోన్‌కి పంపాను, నా పేరు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య