షేడ్ వేస్తూ రాత్రంతా మేలుకుంటే చదువు పోతుందా?

ప్రశ్న: మాది కావలి. ఇరవై ఏళ్లు బోర్డులు, గోడలు రాశాను. ఫ్లెక్సీలొచ్చి పని పోయింది, ఇప్పుడు బట్టల కొట్లో గుమాస్తాని. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రాత్రిళ్లు కంప్యూటర్లో పాత బోర్డుల్లాగా అక్షరాలకు నీడలా కనిపించే షేడ్ వేస్తూ కూర్చుంటాడు, డిజైన్ చదువుతానంటాడు. మొన్న కోపంలో వైరు పీకేశాను. బీటెక్, లలితకళల డిగ్రీ బీఎఫ్ఏ, యాప్‌ల తెరలు డిజైన్ చేయడం నేర్పే మూడు నెలల యూఐ-యూఎక్స్ కోర్సు... వీటిలో ఏది మంచిది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే కానీ, మీ భయం మీకు పోయిన పని గురించి. ఫ్లెక్సీ వల్ల మీకు పోయింది గోడ, అడుగుకింత అన్న కూలి. షేడ్ ఎటు పడాలో తెలిసిన చూపు ఎక్కడికీ పోలేదు. బాబు తడుముకుంటున్నది దానికోసమే.

వాడేం చేస్తున్నాడో ఎప్పుడైనా చూశారా? ఇలస్ట్రేటర్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరానికి కాపీ తీసి, 45 డిగ్రీల్లో కిందికి జరిపి, రెంటి మధ్యా ఖాళీని నింపే బ్లెండ్ పెడితే షేడ్ వచ్చేస్తుంది. అది నిమిషాల పని. కష్టమంతా ఆ తర్వాతే. ఇంగ్లిషు అక్షరాలకు ఎడమపక్క నిలువు గీతలెక్కువ, అందుకే ఇంగ్లిషు బోర్డులు రాసే పెయింటర్లు చాలామంది ఎడమ కిందికి షేడ్ లాగేవారు, కుంచె పని తగ్గేది. మనవి గుండ్రటి అక్షరాలు, పైగా కింద వత్తులు. ‘స్త్రీ’ రాసి షేడ్ లాగితే అది వత్తుల మీద పడి అక్షరమే చెడుతుంది. ఎక్కడ ఆపాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు. తడి రంగు అంటకుండా అక్షరానికీ షేడ్‌కీ మధ్య వదిలే సన్నటి సందు ఎంతుండాలో కూడా చెప్పదు. మీరు చెప్పగలరు. అలాంటి మీరే వైరు పీకితే ఎలాగండీ? మీ బతుకు మీద కోపం వాడి మీద చూపించారు. అది తప్పు.

ఆ మూడు నెలల కోర్సు మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న కరపత్రం చూసి అప్పు చేయకండి. చాలాచోట్ల ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో చూపించి, బ్యాచ్ మొత్తం చేత ఒకే ఫుడ్ యాప్ నమూనా చేయిస్తారు. ఇంటర్వ్యూలో అందరి దగ్గరా అదే కనిపిస్తే ఎవరిని తీసుకుంటారు? అలా డబ్బు కట్టి, ఖాళీగా ఇంటికొచ్చిన పిల్లలు నా దగ్గర కూర్చుని ఏడ్చారు. కట్టేముందు కిందటి బ్యాచ్ పిల్లలు ముగ్గురితో మాట్లాడించమనండి. నసిగితే లేచి వచ్చేయండి.

బీఎఫ్ఏలో ప్రకటనల బొమ్మలు, అక్షరాల పని నేర్పే అప్లైడ్ ఆర్ట్ నాలుగేళ్లు చేతికి సాధన ఇస్తుంది. బీఎఫ్ఏకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉన్నాయి. డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మన రాష్ట్రంలోనే ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు బాబుకు తెలిసే ఉంటాయి. లెక్కలంటే నిజంగా ఇష్టముంటే బీటెక్ కూడా చెడ్డదేం కాదు, ఈ అక్షరాల పని మానక్కర్లేదు. ఇలస్ట్రేటర్‌కు నెలనెలా కట్టలేకపోతే, అలాంటిదే ఇంక్‌స్కేప్ ఉచితం.

ఈ ఆదివారం వైరు మీ చేత్తోనే పెట్టండి. మీరు రాసిన ఒక పాత కొట్టు పేరు కాగితం మీద మళ్లీ కుంచెతో రాసి, ఫొటో తీసి వాడికివ్వండి. దాని మీదే గీసుకోనివ్వండి. అలా పది పేర్లయ్యాక ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి, ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాలో వాటిని ముందు పెట్టుకుని మాట్లాడదాం.