బూటు ముందు చింపాలి: కొత్త క్రైమ్ రచయితకు ఉత్తరం

తమ్ముడూ,

నీ కథ చదివాను. భాష బావుంది, నడక బావుంది. పద్నాలుగో పేజీలో ఇన్‌స్పెక్టర్‌కి ఎక్కణ్ణుంచో సీసీటీవీ ఫుటేజీ ఊడిపడింది చూడు, అక్కడే నాకు కథ మీద నమ్మకం పోయింది. ఆ వీధిలో కెమెరా ఉన్నట్టు అంతకుముందు ఒక్క ముక్కయినా రాయలేదు నువ్వు.

దీనికి మందు అకిర కురొసావా 1963లో తీసిన ‘హై అండ్ లో’. అమెరికన్ రచయిత ఎడ్ మెక్‌బెయిన్ నవల ఆధారంగా తీసిన జపాన్ సినిమా, నిడివి 143 నిమిషాలు. మొదటిసారి ఊరికే చూడు. రెండోసారి కాగితం మధ్యలో గీత గీసి, ఒక వస్తువు మొదట కనబడిన నిమిషం ఎడమవైపు, అది అక్కరకొచ్చిన నిమిషం కుడివైపు రాసుకో. రెండంకెల మధ్య ఎంత దూరముందో చూస్తే నీ పద్నాలుగో పేజీ ఎందుకు కూలిందో తెలుస్తుంది.

కథ ఇదీ: జపాన్‌లోని యోకొహామా నగరంలో గుట్ట మీద బంగళా. యజమాని గోండో, బూట్ల కంపెనీలో డైరెక్టర్. కంపెనీని చేజిక్కించుకోవాలని ఉన్నదంతా తాకట్టు పెట్టి 5 కోట్ల యెన్‌ల చెక్కు సిద్ధం చేసుకున్నాడు. అంతలో ఫోన్: నీ కొడుకు నా దగ్గరున్నాడు, 3 కోట్లు కావాలి. తీరా చూస్తే వాడు ఎత్తుకెళ్లింది గోండో డ్రైవర్ కొడుకుని. పొరపాటు తెలిసినా డబ్బు గోండోనే ఇవ్వాలంటాడు. ఆటలో పిల్లలు వేషాలు మార్చుకోవడం మనం ముందే చూశాం కాబట్టి ఎలా పొరబడ్డాడని ఎవరూ అడగరు.

ఇక బూటు సంగతి. మొదటి సీన్లోనే తోటి డైరెక్టర్లు చవకరకం ఆడవాళ్ల బూటు నమూనా తెస్తారు. గోండో దాన్ని చేత్తోనే ముక్కలుముక్కలుగా పీకేస్తాడు. బూటు ఒంటి బరువంతా మోయాలి, ఇది మోయదంటాడు. గోండో పొగరు, పనితనం, కుర్రతనంలో చర్మం కోసి కుట్టిన చేతులు, అన్నీ అందులోనే తెలిసిపోతాయి. చాలాసేపటి తర్వాత పోలీసులు డబ్బు పెట్టే బ్యాగుల్లో రెండు రకాల మందు దాచాలంటారు. ఒకటి తడిస్తే కంపు కొడుతుంది, రెండోది కాలిస్తే గులాబీరంగు పొగ వస్తుంది. దొంగ బ్యాగుల్ని నీళ్లలో పారేసినా, మంటలో వేసినా దొరకాలని. కుట్టేదెవరు? గోండో తన పాత పనిముట్ల పెట్టె తెచ్చుకుని నేల మీద కూర్చుంటాడు. తనని దివాలా తీయించే బ్యాగుని తనే శ్రద్ధగా కుడుతున్నాడు. ఒక్క డైలాగు అక్కర్లేదు. బూటు సీను లేకపోతే ఈ కుట్టు కేవలం పోలీసు ఉపాయం. ఆధారం మనిషి వృత్తిలోంచి పుట్టడమంటే ఇదే.

ఇంకోటి, 7 సెంటీమీటర్లు. బ్యాగుల మందం అంతకు మించకూడదని దొంగ షరతు పెడతాడు. ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. డబ్బు తీసుకుని ఎక్కమని దొంగ చెప్పిన కొడామ ఎక్స్‌ప్రెస్ రైల్లో కిటికీలు తెరుచుకోవు. వాష్‌రూమ్ కిటికీ మాత్రం సరిగ్గా అంతే తెరుచుకుంటుంది. వంతెన దగ్గర బ్యాగులు అందులోంచి విసరాలి. చూశావా, చిక్కు ముందు అంకెగా వచ్చింది, అర్థం తర్వాత వచ్చింది. అంకె, అర్థం ఒకే పేరాలో వచ్చుంటే అది ఉత్త సమాచారం.

మొదటి 55 నిమిషాలూ దాదాపు ఒక్క గదిలోనే నడుస్తాయి. ఒకసారి సౌండు తీసేసి చూడు. వెడల్పు ఫ్రేములో ఎవరు ఎవరికి వీపు తిప్పారో గమనించు. డ్రైవర్ ఎప్పుడూ ఓ మూల తలవంచుకుని ఉంటాడు. డబ్బివ్వనని గోండో అన్నప్పుడు ఆ మాట వినాల్సినవాడు గదిలోనే ఉన్నాడు. నీ కథలో నలుగురు మాట్లాడుకునే సీను రాసేముందు గది పటం గీసుకో: తలుపెక్కడ, ఫోనెక్కడ, మాట్లాడనివాడు ఎక్కడ. నీ మూడో సీన్లో కానిస్టేబుల్ రెండు పేజీలు మాయమై మళ్లీ టీ గ్లాసుతో ప్రత్యక్షమయ్యాడు.

దొంగని చివరిదాకా దాచాలని నువ్వు పడే పాట్లు కూడా అనవసరం. కురొసావా దొంగని మనకి పోలీసుల కంటే ముందే చూపిస్తాడు, అదీ మొదట మురికినీళ్లలో నీడగా. అక్కణ్ణుంచి ‘ఎవడు’ అన్న ప్రశ్న మనకి లేదు, ‘ఎలా పట్టుకుంటారు’ అన్నదే మిగిలింది. ఫోన్ రికార్డింగులో వినబడ్డ ట్రామ్ చప్పుడు, పిల్లాడు గీసిన బొమ్మ, ఇలా గోరంత గోరంతగా పోలీసులు దగ్గరికొస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. నలుపు తెలుపు సినిమాలో, బ్యాగులు కాలినప్పుడు లేచే ఆ గులాబీ పొగ ఒక్కటే రంగు అని వేరే చెప్పాలా.

లోపం లేదని కాదు. మత్తుమందు బానిసల సందు నాకైతే అతిగా అనిపిస్తుంది. అక్కడి మనుషులు మనుషుల్లా ఉండరు. పెద్దవాళ్లు చేశారు కదాని అది నేర్చుకోకు.

సీసీటీవీని ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. ఉంచితే రెండో పేజీలోనే ఆ కెమెరా వల్ల ఎవరికో చిరాకు పుట్టించు: పక్కింటావిడ తన వాకిట్లోకి తిప్పి పెట్టారని తగువు పెట్టుకోవచ్చు. తగువు గుర్తుంటుంది, కెమెరా సంగతి మరిచిపోతారు. మార్చిన ప్రతితో పాటు గీత గీసిన కాగితం కూడా పంపు, ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య