అడ్రస్ ప్రూఫ్ లేకపోతే స్కూల్ పోయినట్టేనా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా ఆడపడుచు వాళ్ళాయనకి ఉద్యోగం పోయింది, రెంట్ కట్టలేక అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి పిల్లలతో మా బేస్‌మెంట్‌లోకి వచ్చారు. మాది వేరే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళని చూసే విభాగం వేరు. లీజ్ లేదు, కరెంటు బిల్లు వాళ్ళ పేరున లేదు. నాలుగో గ్రేడ్ పాప పాత స్కూలే కావాలని ఒకటే ఏడుపు, బాబుకి మూడేళ్ళు. స్కూల్లో చెప్తే పరువు పోతుందని మా ఆడపడుచు భయం. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ ఆడపడుచుకి వినడానికి కష్టంగా ఉంటుందేమో గానీ అక్కడి చట్టం లెక్కలో వాళ్ళ పిల్లలు ఇల్లు లేని పిల్లలే అమ్మా. రోడ్డు మీదో షెల్టర్‌లోనో ఉంటేనే హోమ్‌లెస్ అనుకుంటాం కదా, అదేం కాదు, ఇల్లు పోయి డబ్బుల్లేక చుట్టాలింట్లో సర్దుకుంటున్నా, వేరే దారి లేక మోటెల్‌లో ఉన్నా, కార్లో పడుకుంటున్నా అదే లెక్క. 1987లో వచ్చిన మెకిన్నీ-వెంటో చట్టం ఇది.

దీని ప్రకారం పాప పాత స్కూల్లోనే చదువుకోవచ్చు, మధ్యలో ఇల్లు దొరికినా ఆ అకడమిక్ ఇయర్ అయ్యేదాకా ఉండొచ్చు. రాకపోకలు మీరు అడిగితే డిస్ట్రిక్టులే చూడాలి, కాబట్టి గట్టిగా అడగండి, అడక్కపోతే చాలాసార్లు ఎవరూ చెప్పరు. ఒకవేళ మీ దగ్గర స్కూలే మేలనుకుంటే లీజ్, పాత రికార్డులు, టీకాల కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాల్సిందే, అవి తర్వాత తెప్పించుకుంటారు.

ఫ్రంట్ డెస్క్‌లో వాదించి లాభం లేదు, వాళ్ళకే సరిగ్గా తెలియకపోవచ్చు. ప్రతి డిస్ట్రిక్ట్‌లో ఇల్లు లేని పిల్లల సంగతి చూడడానికి హోమ్‌లెస్ లయజాన్ అని ఒకరుంటారు, డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి నేరుగా వాళ్ళతోనే మాట్లాడండి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి, అప్పీల్ చేయండి, అది తేలేదాకా పాప మీరు కోరిన స్కూల్లోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం కూడా ఫ్రీ.

పరువంటారా, ఈ వివరాలు విద్యార్థి రికార్డుగా గోప్యంగా ఉంచాలి, ఊరంతా చాటరు. ఉద్యోగంతో పాటు వీసా గొడవ కూడా ఉందేమో, ఇమిగ్రేషన్ స్టేటస్ లేదని పబ్లిక్ స్కూల్లో చదువు ఆపడానికి వీల్లేదని అక్కడి సుప్రీంకోర్టు 1982లోనే తేల్చేసింది.

బాబు సంగతి కూడా అదే ఫోన్‌లో అడిగేయండి. ఇల్లు లేని పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా హెడ్ స్టార్ట్ అనే ప్రభుత్వ ఉచిత ప్రీస్కూల్‌కి అర్హత ఉంటుంది, సీటు ఖాళీ ఉండాలి అంతే, అందుకే ఆలస్యం చేయకండి.