ఆర్డర్లు రాత్రికి, రంగులు పొద్దుటికి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అబ్బాయికి 24 ఏళ్లు. ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మల చదువు, అదే బి.ఎఫ్.ఎ., చేసి రెండేళ్లయింది. ఇక్కడే బజార్లో చిన్న గది అద్దెకు తీసుకుని ఫొటో చూసి పెన్సిల్ బొమ్మలు గీస్తాడు. పెళ్లి స్టేజీల తెరలు, బడి గోడల మీద బొమ్మలు, చవితికి వినాయకుడి విగ్రహాలకు రంగులు... పని ఉంది, డబ్బులూ వస్తున్నాయి. కానీ ఏడాదిగా సొంతంగా ఒక్క బొమ్మా వెయ్యలేదట. "అమ్మా, నేను ఆర్టిస్టునా, జెరాక్స్ మిషన్నా?" అంటున్నాడు. ఆర్డర్లన్నీ మానేసి ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని తనకు నచ్చినవి వేసుకుంటాడట. వాళ్ల నాన్నగారేమో టీచరు ఉద్యోగం చూసుకోమంటారు. మీరేమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ విసుగు రాకపోయి ఉంటే నేను ఎక్కువ భయపడేవాణ్ణి. చిన్న ఊళ్లో రెండేళ్లు ఆర్డర్లు నిలబెట్టుకున్నాడంటే పనిమంతుడే. కానీ అన్నీ మానేసి ఏడాది కూర్చుంటాననడం మాత్రం ఒప్పుకోను. ఎవరూ అడగని బొమ్మ కోసం పొద్దున్నే లేచి కూర్చోవడం చాలా కష్టం. మొదటి నెల హుషారుగా గడుస్తుంది. రెండో నెల నుంచి నాన్నగారి మొహం చూడలేక గదిలోనే ఉండిపోతాడు. ఈలోగా పాత ఖాతాదార్లు శ్రీకాకుళమో బరంపురమో చూసుకుంటారు.

ముందు ఆ పెన్సిల్ బొమ్మ దగ్గరే ఆగుదాం, చిక్కంతా అక్కడుంది. ఒక కుటుంబం పెళ్లి ఫొటో పంపుతుంది. ఫొటోలో లేని తాతగారిని పక్కన నిలబెట్టమంటుంది. తాతగారిదేమో ఆధార్ కార్డు మీద ఫొటో, అందులో కళ్లు కూడా సరిగ్గా కనబడవు. గళ్లు గీసుకుని, పోలిక తెచ్చి, నీడలు వేసి పంపితే అప్పుడు మొదలవుతాయి వాట్సాప్ మెసేజీలు. పెళ్లికూతుర్ని కొంచెం తెల్లగా చెయ్యండి, మామయ్యగారికి జుట్టు పెంచండి, ఆ పుట్టుమచ్చ తీసెయ్యండి. మూడు రోజుల బొమ్మకు రూ.1,500 తీసుకుంటున్నాడనుకుందాం. ఫ్రేముకూ పేపరుకూ రూ.400 పోతే మిగిలింది రూ.1,100. మార్పులకు ఇంకో రోజున్నర తగలేస్తే రోజుకు రూ.250 కూడా గిట్టదు. అబ్బాయిని తినేస్తున్నది బొమ్మ కాదు, ఈ రోజున్నర.

అందుకని రేపటి నుంచే సగం డబ్బు ముందు తీసుకోమనండి. మార్పు ఒక్కసారే, రెండోసారి అడిగితే దానికి వేరే రేటు. ఫోన్లూ డెలివరీలూ వారంలో రెండు సాయంత్రాలకే పెట్టుకోమనండి. ఫ్రేము పని షాపువాళ్లకే అప్పజెప్పాలి, తను కట్టుకుంటే మిగిలే నాలుగు డబ్బులకంటే పోయే టైమే ఎక్కువ. రేటు కొద్దిగా పెంచితే కొందరు పోతారు. పోనివ్వండి.

ఇక టైము సంగతి. పెన్సిలూ చార్కోలూ ట్యూబ్‌లైటు కింద కూడా నడుస్తాయి. రంగులు అలా నడవవు. ట్యూబ్‌లైటు కింద కలిపిన ఆకుపచ్చ తెల్లారి వాకిట్లో పెట్టి చూస్తే వేరేలా ఉంటుంది. అబ్బాయి మాత్రం మంచి వెలుతురంతా ఆర్డర్లకు పెట్టి, రాత్రి పదింటికి అలసిపోయాక తన కాన్వాసు ముందు కూర్చుంటున్నాడని నా అనుమానం. దాన్ని తిరగెయ్యమనండి. పొద్దున్న తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా తన రంగులు, ఫోను పక్క గదిలో. పగలు బయటి పనులు, రాత్రికి పెన్సిల్ బొమ్మలు.

అలాగని రోజూ సగం ఇటూ సగం అటూ పంచుకోమనను, ఈ వృత్తిలో అది కుదరదు. చవితి ముందు విగ్రహాలు వరసగా వచ్చిపడితే పొద్దుటి పూటలన్నీ వాటికే పోతాయి. ఆ రోజుల్లో జేబులో ఒక స్కెచ్ బుక్కు ఉంటే చాలు, బజార్లో కూరగాయలమ్మే ఆవిడ చేతులో, గుణుపురం రైల్లో నిద్రపోయేవాళ్లో. మాఘం నుంచి వైశాఖం దాకా పెళ్లిళ్లతో ఊపిరాడదు. కానీ పుష్యంలో, ఆషాఢంలో మనవాళ్లు పెళ్లిళ్లు పెట్టుకోరు. ఒడియా ఇళ్ల ముహూర్తాలు కొంచెం అటూ ఇటూ అయినా, రథయాత్ర రోజులు పోను చేతి మీద బోలెడు టైముంటుంది. పెద్ద కాన్వాసు అప్పుడు. అబ్బాయి అడుగుతున్న ఏడాది సెలవు ఇలా ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, పైగా అద్దె ఆగదు.

ఆర్డరుకు గడువుంటుంది, సొంత బొమ్మకు ఉండదు. దానికీ ఒక గడువు తెచ్చిపెట్టాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ తరఫున సి.సి.ఆర్.టి. అనే సంస్థ 18 నుంచి 25 ఏళ్లలోపు యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది, నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు. శిక్షణ పొందినట్టు కాగితాలు చూపించాలి. వయసు దాటిపోయే ముందు నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉండమనండి. అది తప్పినా 25 నుంచి 40 ఏళ్లవాళ్లకు జూనియర్ ఫెలోషిప్ ఉంది. భువనేశ్వర్‌లో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి స్టూడియోలున్నాయి, ఓసారి వెళ్లి అక్కడివాళ్లు ఎలా పనిచేస్తున్నారో చూసి రావాలి. పై చదువు, అంటే ఎం.ఎఫ్.ఎ., ఆలోచన ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్ ఉన్నాయి. వీటిలో ఎక్కడికెళ్లినా అడిగేది సొంత పనే. ఫొటో చూసి గీసిన పెళ్లికూతుళ్ల బొమ్మలు వంద పట్టుకెళ్లినా పక్కన పెట్టేస్తారు.

ఆర్డర్లన్నీ ఒక గాటన కట్టొద్దని కూడా చెప్పండి. బడి గోడ చెయ్యి పెంచే పని. పదడుగుల ఏనుగును నిచ్చెన మీద నిలబడి వేసినవాడికి కాన్వాసంటే బెదురుండదు. మీ జిల్లాలో గోడలకు సవర గిరిజనుల బొమ్మలు అడగడం మామూలే కదా, అక్కడొక మాట. సవరల్లో లాంజియా తెగవాళ్ల చిత్రాలకు 2024లో జి.ఐ. గుర్తింపు, అంటే ఇవి ఫలానా చోటివని చెప్పే ముద్ర, వచ్చింది. అవి వాళ్ల ఇళ్లలో పూజ కోసం గోడ మీద వేసుకునేవి, గూగుల్లో చూసి దించేవి కావు. అలాంటి ఆర్డరొస్తే ఒక సవర చిత్రకారుణ్ణి పిలిచి, డబ్బు పంచుకుని, పక్కన నిలబడి పనిచెయ్యమనండి. ఆర్డరూ నడుస్తుంది, కాలేజీలో నేర్పని విద్యా అబ్బుతుంది.

మీ ఊళ్లో ఇది కొత్తా? గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలోనే బడిపంతులుగా చేరారు. పగలు పాఠాలు చెప్పుకుంటూనే సవరలను గురువులుగా పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన రాసిన పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసేనాటికి ఆయనకు 68 దగ్గర పడ్డాయి. అన్నేళ్లు మీ అబ్బాయిని ఆగమనడం లేదు లెండి.

నాన్నగారి మాట కొట్టిపారేసేది కాదు. కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఆర్ట్ టీచర్ పోస్టులుంటాయి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు చూసి రాయనివ్వండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికైతే కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. చదువు తెలుగు మీడియంలో సాగితే ఆ కాగితం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. బడి చదువంతా పర్లాకిమిడిలోనే గనక ఆంధ్రలో నాన్‌లోకల్ లెక్కలోకి వస్తాడు. అయితే ఉద్యోగం వస్తే ఈ సమస్య తీరుతుందని మాత్రం అనుకోకండి. అక్కడ పెళ్లికూతుళ్లకు బదులు రిపబ్లిక్ డే ఛార్టులుంటాయి. పొద్దుటి పూట దక్కించుకోవడం ఇప్పుడు అలవాటైతే అక్కడా దక్కుతుంది.

మీరు రాయలేదు గానీ, చుట్టాలు ఊరికే గీసిపెట్టమని అడుగుతూనే ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పే పని మీరే తీసుకోండి. రేట్ల కాగితమొకటి గది గోడకు అంటించండి. మీ ఆడపడుచు గారొచ్చి "మనింటి పిల్లాడేగా" అన్నప్పుడు అబ్బాయి నోరు తెరవక ముందే మీరు ఆ కాగితం చూపించండి. కావాలంటే ఫ్రేము డబ్బులు మీరు పెట్టుకోండి.