అదే వీడియో... ఒకరికి 65, ఇంకొకరికి 17!

ప్రశ్న: క్లాసులో ఓ బాబు పని మధ్యలో ఎంతసేపు తల పక్కకు తిప్పుతున్నాడో చూద్దామని, అరగంట వీడియోను 15 సెకన్ల ముక్కలు చేసి ఇద్దరం విడివిడిగా గమనించాం. ముక్కలో ఒక్కసారి తిప్పినా నేను టిక్కు పెట్టాను. మా సహోద్యోగిని మాత్రం ముక్క చివర బీప్ మోగిన క్షణాన తల ఎటుందో అదే రాశారు. నాకు 65 శాతం, ఆవిడకు 17 శాతం. ఏది నమ్మాలి?

జవాబు: ‘ఎంతసేపు’ అన్నదే తేలాలంటే ఆవిడ లెక్కే నమ్మండి. మీరు టిక్కులు తప్పు పెట్టారని కాదు, మీ పద్ధతే పెంచి చూపిస్తుంది.

అరగంటలో 120 ముక్కలు. బాబు 60 సార్లు, సారికి 5 సెకన్లు తల తిప్పాడనుకోండి. మొత్తం 300 సెకన్లు, అంటే 1800లో దాదాపు 17 శాతం. మీ పద్ధతిలో ఆ 5 సెకన్లకే 15 సెకన్లకూ టిక్కు పడిపోతుంది. రెండు ముక్కల సరిహద్దులో తిప్పితే రెండు టిక్కులు. సగటున మూడింట ఒకటి అలాగే పడుతుంది. వెరసి 80 టిక్కులు, 67 శాతం! ముక్కను 5 సెకన్లకు కుదించినా 33కు దిగుతుందే తప్ప 17కు రాదు. బబూన్ కోతుల మీద పరిశోధన చేసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లోనే చెప్పారు, ఇలాంటి టిక్కుల్లో ఎన్నిసార్లో తేలదు, ఎంతసేపో తేలదు అని. ముక్క పొడవునా తిప్పి ఉంటేనే టిక్కు అనే మూడో పద్ధతైతే ఇక్కడ సున్నా చూపిస్తుంది.

బీప్ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. రెండు నిమిషాలకోసారి మోగిస్తే అరగంటలో 15 చూపులే. ఒక్క టిక్కు అటూ ఇటూ అయితే దాదాపు 7 శాతం తేడా. బీప్ విన్నాక ‘ఇప్పుడు తిప్పుతాడేమో’ అని ఇంకో రెండు సెకన్లు ఆగారా, మళ్లీ మీ పద్ధతిలోకే జారినట్టు. నేరుగా క్లాసులో గమనించేటప్పుడు ఇయర్‌ఫోన్ తప్పనిసరి, లేకపోతే బీప్ వినగానే బాబు సర్దుకుంటాడు. అరగంటలో మూడు సార్లు కొట్టడం లాంటివి దీనికి చిక్కవు. వాటికి సార్లు లెక్కపెట్టుకోండి, చాలు.

ఇద్దరూ ఒకే పద్ధతి పట్టాకే పొంతన, అంటే ఎంత శాతం ముక్కల్లో ఇద్దరూ ఒకేలా రాశారో చూడండి. అరుదైన ప్రవర్తనకు ఆ శాతం మోసం చేస్తుంది: ఇద్దరూ చెరో 6 టిక్కులు, ఒక్కటీ కలవకుండా పెట్టినా, 120లో ఖాళీ ముక్కలు 108 కలుస్తాయి కాబట్టి 90 శాతం వచ్చేస్తుంది. కనీసం ఒకరైనా టిక్కు పెట్టిన ముక్కలనే తీసుకోండి. అప్పుడు సున్నా.